కుముదిని గారి వాలుజడ

…ఇంతకీ ఆ మందారాకు చిట్కా పాపం ఎవరిదని నిలదీస్తే, సగం నాదేనని ఒప్పుకోవాల్సి వస్తుంది. నేను ఒక సవరాన్ని. నల్లగా, మోకాళ్ళ దాకా, చివర కాస్త వంకీ తిరిగి ఉంటాను. మీలో వయసు మళ్ళినవాళ్ళు నన్ను చూసే ఉంటారు. కాకపోతే అప్పట్లో మీరు సినిమాతార కుముదిని జడని చూస్తున్నామనుకున్నారు.

నన్ను తయారుచేసింది కోడంబాకంలో మస్తాన్ సాయిబు. ఊపిరి బిగబట్టి వెంట్రుక వెంట్రుకా దారానికి ముడేసేవాడు. నాలో ముగ్గురు ఆడవాళ్ళ జుట్టుంది. వాళ్ళెవరో నాకు తెలియదు. ఒకరిది వానాకాలంలో చిట్లుతుంది, ఒకరిది ఎంత నూనె తాగినా తాగనట్టే ఉంటుంది, మూడోది ఎటు దువ్వితే అటు పడుకుంటుంది. అందుకే తమకున్నది ఒకే మనసని చెప్పుకునే మనుషుల్ని చూస్తే నాకు నవ్వొస్తుంది. నాలో ముగ్గురున్నారని నాకు తెలుసు. తమలో ఎందరున్నారో వాళ్ళు ఎప్పుడూ వెతుక్కోరు.

కుముదిని అసలు పేరు వీరరాఘవమ్మ. బందరు పిల్ల. నాటకాల నుంచి మద్రాసు వచ్చి, మొదటి సినిమాకి సంతకం పెట్టిన నెలకే టైఫాయిడ్‌తో మంచం పట్టింది. జ్వరం పోతూ పోతూ జుట్టు తీసుకుపోయింది. మళ్ళీ మొలిచింది భుజాలు దాటలేదు. అప్పుడు ఆండాళు నన్ను కొనుక్కొచ్చింది. ఆండాళు హెయిర్‌డ్రెస్సర్, నెల్లూరు మనిషి, నోట్లో నాలుగు పిన్నులు పెట్టుకుని కూడా ధారాళంగా మాట్లాడగలదు. మేకప్ గది తలుపు గడియ పెట్టి, నన్ను ఆ పిల్ల తలకి తగిలించి, "ఈ గడియ తీసేదాకా సంగతి మనిద్దరికే తెలుసు. తీసినాక మనకీ తెలవదు. అర్థమయిందామ్మా?" అంది.

బాగా అర్థమయింది. ఎంత బాగా అంటే, ఏళ్ళు గడిచినా తల్లికీ చెప్పలేదు, చెల్లెలికీ చెప్పలేదు.

వీపు మీద వేలాడేదాన్ని కాబట్టి నాకు కనిపించిన లోకం వేరు. ఎదురుపడినప్పుడు మనుషులు పెట్టే ముఖాలు ఆవిడ చూసేది. దాటిపోయాక పెట్టేవి నేను చూసేదాన్ని. "అమ్మా, సాక్షాత్తూ లక్ష్మీదేవి మీరు" అన్న నిర్మాత, ఆవిడ రెండడుగులు వెయ్యగానే మేనేజరు వైపు తిరిగి మూతి విరిచేవాడు. హీరో గారు అప్పటిదాకా లోపలికి లాక్కున్న పొట్టని వదిలేసి, హాయిగా నిట్టూర్చేవారు. నేను ఎవరికీ చెప్పలేదు. వెనక ఉండేవాళ్ళకి అంత మాత్రం మర్యాద ఉండాలి.

మూడో సినిమాలో కుముదిని కోపంగా గిరుక్కున తిరగాలి, జడ వెళ్ళి హీరో చెంపకి తగలాలి. పదకొండు టేకులు. హీరో గారి చెంప కందిపోయింది, దర్శకుడికి మాత్రం ఇంకా తృప్తి లేదు. పన్నెండోదానికి సరిగ్గా పడ్డాను. ఆ విసురు కోసం నేలక్లాసు జనం మళ్ళీ మళ్ళీ వచ్చి తెర మీదికి చిల్లర విసిరారు. తిరిగింది ఆవిడ మెడ, పేరొచ్చింది జడకి. అప్పట్నుంచి ఏ కథ వచ్చినా అందులో ఆవిడ ఒకసారి గిరుక్కున తిరగాల్సిందే.

తర్వాత ఒక పత్రికాయన వచ్చి, "ఇంత జుట్టు ఎలా పెంచారండీ?" అని అడిగాడు. ఆ క్షణం ఆవిడ మెడ కొంచెం వంగింది. నిజం చెప్పబోయే మనిషి మెడ అలాగే వంగుతుంది. అంతలోనే నిటారుగా లేచింది. "మా అమ్మమ్మ చిట్కా అండీ. మందారాకు, మెంతులు నూరి ఆదివారం ఆదివారం తలకి పట్టిస్తాను."

ఇక చూడండి. జిల్లాలకి జిల్లాలు మందారచెట్లు బోడులయ్యాయి. ఉత్తరాలు గోనెసంచుల్లో వచ్చేవి. కొన్నాళ్ళకి కుముదిని కూడా తన మాట తానే నమ్మడం మొదలుపెట్టింది. ఒక ఆదివారం పొద్దున్నే మందారాకు నూరి గిన్నెలో తెచ్చుకుని అద్దం ముందు కూర్చుంది. ఆండాళు గిన్నె వంక, ఆవిడ వంక, బల్ల మీదున్న నా వంక చూసింది.

"ఏందమ్మా ఇది? నీకా, దానికా?"

కుముదిని నవ్వలేదు. గిన్నె పక్కన పెట్టింది. ఆ తర్వాత ఆదివారాలు ఆవిడకి చికాగ్గా ఉండేవి.

ఏళ్ళు గడిచాయి. హీరో గారికి యాభై దాటినా కాలేజీ చదువు పూర్తికాలేదు. ఈవిడ మాత్రం ఆయనకి వదిన అయింది, ఆపైన తల్లయింది. నన్ను కొప్పు చుట్టి, తెల్లపొడి చల్లారు. కొన్నాళ్ళకి ఆ వేషాలూ రావడం మానేశాయి. అయినా పాలవాడికి తలుపు తియ్యాలన్నా ఆండాళు చేత నన్ను పెట్టించుకోకుండా లేచేది కాదు.

మొన్న కృష్ణాజిల్లాలో ఒక ఊరి మహిళామండలి సన్మానానికి పిలిచింది. కుముదిని సంబరంగా ఒప్పుకుంది, ఆండాళుని వెంటబెట్టుకుని వెళ్ళింది. సభ సాయంత్రం. మధ్యాహ్నం గెస్ట్‌హౌస్ గదికి మండలి అధ్యక్షురాలు సీతారావమ్మ వచ్చింది. చేతిలో పెద్ద బుట్ట. మల్లెమొగ్గలు, మొగలిరేకులు, చామంతులు, సూది, దారం.

"మీకు పూలజడ కుడతామండీ! మా ఆడవాళ్ళందరి కోరికా అదే. స్టేజీ మీద మీరు ఒక్కసారి గిరుక్కున తిరిగితే చాలు, మా జన్మ ధన్యం."

పూలజడ అంటే జడని చేతుల్లోకి తీసుకోవాలి, మొదలు నుంచి చివరిదాకా సూదితో గుచ్చి కుట్టాలి. ఆండాళు చప్పున అడ్డం వచ్చింది. "అమ్మకి తలనొప్పిగా ఉండాది. పూల వాసన పడదు."

"అయ్యో, అలాగా!" సీతారావమ్మ బుట్ట దూరంగా జరిపింది. ఆవిడ కొప్పు నిమ్మకాయంత ఉంది. నేను దాన్ని చూస్తున్నానని తెలిసినట్టే చేత్తో సవరించుకుంది. "మీ చిట్కా ముప్పై ఏళ్ళు చేశానండీ. 'సినిమావాళ్ళ మాటలు నమ్మి పెరట్లో చెట్టుని బోడి చేశావు, నీ తల ఏమన్నా చిగురించిందా?' అని మా అత్తగారు దెప్పేవారు. లోపం నాదే లెండి. మధ్యమధ్య ఆదివారాలు తప్పించాను. అందుకే మా మనవరాలికి ఒక్క వారం కూడా వదలట్లేదు. మొత్తుకుంటుంది. అయినా సరే, కూర్చోబెట్టి పట్టిస్తున్నా."

కిటికీలోంచి మైకు పరీక్షిస్తున్న గొంతు వినిపిస్తోంది. కుముదిని మెడ నెమ్మదిగా వంగింది. నేను ఎదురుచూశాను, ఇప్పుడు లేస్తుందని. లేవలేదు.

"సీతారావమ్మ గారూ, ఇలా నా పక్కన కూర్చోండి."

చెయ్యి వెనక్కి వచ్చింది. మొదటి పిన్ను తీసింది.

"అమ్మా, వద్దు," అంది ఆండాళు.

రెండో పిన్ను. మూడోది. ఆండాళు పెట్టిన పిన్నులు గట్టివి, ఆవిడ వేళ్ళకి అలవాటు లేదు, ఒకటి చర్మానికి గీసుకుంది కూడా. అన్నీ తీసి, నన్ను ఊడదీసి, సీతారావమ్మ ఒళ్ళో పెట్టింది. ఆవిడ నన్ను తాకకుండా రెండు చేతులూ పైకెత్తేసింది.

"లోపం మీది కాదండీ," అంది కుముదిని, భుజాల దాకా ఉన్న పలచటి జుట్టుతో. "ఆ చిట్కా నేను కల్పించింది. పిల్లని వదిలెయ్యండి."

తర్వాత బుట్టలోంచి సూది తీసి, వెలుతురు వైపు పట్టుకుని, రెండుసార్లు తప్పాక మూడోసారి దారం ఎక్కించింది.

"ఇక కుట్టండి. ఎంత గట్టిగా గుచ్చినా నాకు నొప్పి పుట్టదు."

సీతారావమ్మ ఆ సూది అందుకోవడానికి చాలాసేపు పట్టింది. కుముదిని చెయ్యి చాచే ఉంచింది.