నెదెల్కా కిరసనాయిలు

నా భార్య నెదెల్కా కలిపి ఉంచిన కిరసనాయిలును దొంగిలించినవాడు ఆమె సొంత తమ్ముడు స్తామెన్. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

మా బొమ్మ విమానం పందేల్లో ఎప్పుడూ నెదెల్కా ఇంధనంతోనే ఎగిరింది. నేను మధ్యలో నిలబడి, విమానానికి కట్టిన తీగలు పట్టి దాన్ని నా చుట్టూ తిప్పేవాణ్ణి. పందెం మధ్యలో ఇంధనం అయిపోయి విమానం దిగగానే ఆమె పట్టుకుని, ఇంధనం నింపి, వేలితో ముందున్న పంకా కొట్టి ఇంజను అంటించి వదిలేది. ఈథర్, ఆముదం, కిరసనాయిలు అందరూ కలిపేవే. ఇంజను చప్పున అందుకోవడానికి వేసే నైట్రేటు మందు దగ్గరే తేడా. మా ప్లోవ్‌దివ్ పట్టణం చుట్టుపక్కల అందరూ దాన్ని చివర్లో వేస్తారు. నెదెల్కా ముందే కిరసనాయిలులో కలిపేసేది. చివర్లో అయితే కంగారులో మరిచిపోతామనేది. డబ్బా మీద ఏమీ రాసేది కాదు.

ఆమె పోయిన నలభయ్యో నాడు ఆచారం ప్రకారం నేను వాకిట్లో ఆమె పేరున ఉడికించిన గోధుమలు పంచుతుంటే, వెనక కొట్టులోంచి ఆ డబ్బా పోయింది. ఆ మధ్యాహ్నం కొట్టువైపు వెళ్ళినవాడు స్తామెన్ ఒక్కడే. వసంతం వచ్చేసరికి ఆ మిశ్రమం తనదేనని వాడు ఊరంతా చెప్పుకున్నాడు. మా విమానాల క్లబ్బు గోడ మీద ఆ మిశ్రమం ఎవరిదని పేరు రాయాలో, వాడు దాంతో ఎగరేసే పందెం రోజున తేలాలి.

"అక్కకి నేర్పిందే నేను బావా," అన్నాడు స్తామెన్ ఆ రోజు ఇంధనం సీసా ఊపుతూ. "దానికి వంకాయ వేపుడు తప్ప ఏం తెలుసు?"

"మందు వేశావా?"

"ఇప్పుడే వేశా. చివర్లో వెయ్యాలని కూడా తెలీదా? తీగలు పట్టుకుని గుండ్రంగా తిరగడమేగా నీ పని!"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. నేను తీర్పరి గెంచో పక్కకి వెళ్ళి నిలబడ్డాను.

"వాడి ఇంజను రెండోసారి అంటుకోదు," అన్నాను.

"నోటిదూల నీకు, వెల్కో," అన్నాడు గెంచో.

"చూస్తూ ఉండు."

స్తామెన్ జతగాడు తీగలు పట్టాడు, విమానం ఈల వేసినట్టు లేచింది. కాసేపటికే ఇంజను గొంతు మారింది. కటకటమంటూ వేగం తగ్గి దిగింది. స్తామెన్ ఇంధనం పోసి పంకా కొట్టాడు. అది ఎదురుతన్ని వేలు చీల్చింది. మరలు తిప్పాడు, తిట్టాడు. పొగలు కక్కింది తప్ప అంటుకోలేదు.

గెంచో దగ్గరికెళ్ళాడు. "మందెంత పోశావురా?"

"అందరూ పోసేంతే!"

"రెండింతలు పడ్డట్టు కాలిపోయింది ఇది. కిరసనాయిలు ఎక్కడిది?"

"అది... ఇంట్లోదే. మామూలుదే."

"మామూలుది కాదు," అన్నాను. "అందులో మందు మీ అక్క ముందే వేసి పెట్టింది. నీ మిశ్రమమే అయితే నీకు తెలియదా?"

ఈసారి ఎవరూ నవ్వలేదు. గెంచో కుంచె తెప్పించి గోడ మీద నెదెల్కా పేరు రాయించాడు.

వేలికి గుడ్డ చుట్టుకుని స్తామెన్ నా వెంటపడ్డాడు. "బావా, ఒక్క మాట విను..."

వినలేదు. గోడ మీద పేరుంది, అది చాలు. ఆ డబ్బా గురించీ వాడి గురించీ నేనిక నోరు విప్పను. ఎవరూ అడగొద్దు.