ఏ కయెరు?

“పాటల పుస్తకం నిండా చిన్నపిల్లల అక్షరాలేనా? నలుగురూ నవ్వుతారు. పెద్దల అక్షరాల్లో, కాంజీలో రాయి,” అన్నాడు మా ఆయన తొషికజు, తిన్న గిన్నె నా వైపు తోస్తూ. వీధి సంఘం పాటల బృందానికి ఆయన పెద్ద. పాడేది ఆయన, పేరు ఆయనది. మైనపు కాగితం మీద ఇనుప కలంతో గీకి, అరవై ప్రతులు తీసి, కుట్టేది నేను. “ఇంట్లోనేగా ఉంటావు, నీకేం పని?” అంటాడు. నిజమే, ఇరవై నాలుగేళ్లుగా ఇంట్లోనే ఉన్నాను. తీరిగ్గా కూర్చున్నది ఎప్పుడో మాత్రం గుర్తులేదు.

చివరికి సాయంత్రం పాట మిగిలింది. రోజూ ఐదింటికి ఊరి మైకుల్లో వేసేది అదే. ‘పొద్దు వాలింది, చేతులు కడిగాం, కయెరు, కయెరు.’ అది వినగానే పిల్లలు ఆట మానేసి పరుగెత్తుతారు. కయెరు అంటే ఇంటికి వెళ్లడం. పలికేది ఒకటే అయినా, కాంజీలో ఒక్కో అర్థానికి ఒక్కో అక్షరం. ‘వెళ్లడం’ కాంజీ గీకబోతుంటే, పక్కన సోయా కాయలు ఒలుస్తున్న మా అత్తగారు తత్సు నా చెయ్యి పట్టుకుంది.

“అది కాదమ్మాయ్. మార్చేస్తాం అనే కయెరు.”

మామూలు మాటల్లో ‘వెళ్తాం’ అనే కయెరుకి గొంతు ముందు లేచి దిగుతుంది, ‘మార్చేస్తాం’ అనే కయెరుకి దిగదు. రాగంలో పడితే రెండూ ఒకటే. పెళ్లికి ముందు ఆవిడ పనిచేసిన పట్టు మిల్లులో, సమ్మెకి ముందు ఆడపిల్లలు మేస్త్రీ ఎదుటే అది పాడేవారట. చేతులు కడగడమంటే పట్టుకాయలు ఉడికే నీళ్లలోంచి చేతులు తీసెయ్యడం, పని ఆపెయ్యడం.

“పాపం, ఇంటి మీద బెంగనుకుని వాడు కళ్లొత్తుకునేవాడే!” అని అత్తగారు పగలబడి నవ్వింది. ఆవిడ అలా నవ్వగా నేనెన్నడూ చూడలేదు.

“మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తయ్యా?”

“పెళ్లయ్యాక మీ మామగారికి తెలిసిపోయింది. ‘ఆ సంగతి గడప దాటిందా, నువ్వూ దాటుతావ్’ అన్నాడు. నోరు మూసుకున్నా. ఇప్పుడూ వద్దులే, మా అబ్బాయి పరువు పోతుంది.”

నేను మళ్లీ కలం అందుకున్నాను. ‘మార్చడం’ కాంజీయే గీకాను. ఆవిడ చూసింది, ఆపలేదు.

ఆదివారం సాధనలో అందరూ పుస్తకాలు తెరిచారు. మా ఆయన మొహం ఎర్రబడింది.

“ఏయ్, బళ్లో చదివావా, బర్రెలు కాశావా? అక్షరం తప్పు!”

“తప్పు కాదండీ.”

“ఎలా కాదు? చెప్పు!”

ఎలా చెప్పను? అది నా రహస్యం కాదు. అందరూ ఇకిలించారు. నేను తలొంచుకోలేదు, అంతే.

“అరవయ్యీ చింపి మళ్లీ రాయి,” అన్నాడు.

వెనక వరసలో కుర్చీ కిర్రుమంది. అత్తగారు లేచి నిలబడింది.

“చింపితే నన్ను చింపరా. ఆ పాట కట్టినవాళ్లలో నేనొకదాన్ని. ఇన్నేళ్లుగా మా సమ్మె పాటే మైకులో పెట్టి, మమ్మల్నే ఇంటికి పొమ్మంటున్నారు కదరా!”