రెండోసారి అడగని సార్

సబీనా మీద ఆ రోజు వచ్చినంత కోపం నాకు ఇంకెవరి మీదా రాలేదు. మా పక్కింటి పిల్ల, ఒకటో తరగతి నుంచి నా పక్కనే కూర్చున్న పిల్ల. దాన్ని నేను తిట్టకపోతే ఇంకెవరు తిడతారు?

మా ఇద్దరిదీ ధర్మవరం. రోజూ పొద్దున్నే రైలెక్కి హిందూపురం వచ్చి బీఎస్సీ కెమిస్ట్రీ చదువుకుని సాయంత్రం అదే దారిలో ఇల్లు చేరతాం. మా చివరి సెమిస్టర్ అంతా ఇంటర్న్‌షిప్పే. క్లాసులుండవు, ఎక్కడైనా చేరి పని నేర్చుకోవాలి. దానికోసం మా ఉమారాణి మేడమ్ ఫోన్లు చేసి చేసి గొంతు పోగొట్టుకున్నారు. నాకు తూముకుంటలో ఒక సబ్బుల ఫ్యాక్టరీ ల్యాబ్‌లో చోటు ఇప్పించారు. రాత్రికి ఇంటికొచ్చి మా అమ్మ చేతి సంగటి తినొచ్చు. నాకంతకంటే ఏం కావాలి?

సబీనా కోసం మాత్రం మేడమ్ పెద్దదే పట్టారు. బెంగళూరులో బట్టల రంగులు పరీక్షించే ల్యాబ్. హాస్టల్, భోజనం వాళ్ళే చూసుకుంటారు. పని నచ్చితే ఆ తర్వాత ఎమ్మెస్సీ కూడా వాళ్ళే చదివిస్తారు. మా కాలేజీకి ఒక సీటు, పెనుకొండ కాలేజీకి ఒక సీటు.

ఆ సీటు సబీనా కోసమే వచ్చిందనుకున్నాను. వాళ్ళ నాయన ముస్తఫా మామ పట్టుకు రంగులద్దుతాడు. రంగు ఎందుకు నిలుస్తుందో, ఎందుకు దిగిపోతుందో తెలుసుకోవాలని దీనికి చిన్నప్పటి నుంచీ పిచ్చి. రైల్లో ఎదురుగా ఎవరైనా కొత్త చీర కట్టుకుని కూర్చుంటే చాలు, "ఇది రెండు ఉతుకులకే పోతాది సూడే" అని నా చెవి కొరికేస్తుంది. ఆ చీరావిడకు ఎక్కడ వినపడుతుందోనని నాకు గుండె దడ.

ఇంటర్వ్యూ రోజు బెంగళూరు నుంచి గోవిందరాజులు సార్ వచ్చారు. నేను వరండాలో కిటికీ పక్కన నిలబడి అంతా విన్నాను. ఆయన అడిగినవాటికల్లా ఇది చక్కగా చెప్పింది. ఒకచోట ఆయన చెప్పినదానికి ఒప్పుకోకుండా వాదించింది కూడా. ఆయన మొహం వెలిగిపోయింది.

"చాలా బాగా చెప్పావమ్మా. మా దగ్గరికి వస్తావా?" అన్నారు.

ఇది ఏమందో తెలుసా? తలొంచుకుని, "వద్దులే సార్, పర్వాలేదు. ఇంకెవరికైనా ఇయ్యండి" అంది!

"సరేనమ్మా, నీ ఇష్టం" అని ఆయన లేచి వెళ్ళిపోయారు.

మా వైపు ఇదొక మర్యాద. ఎవరింటికైనా పోతే, కాఫీ తాగుతారా అంటే వద్దనాలి. మళ్ళీ అడిగితే ఇప్పుడే తాగి వచ్చామనాలి. వాళ్ళు బలవంతంగా చేతిలో పెడితే అప్పుడు, సరే మీ మాట కాదనలేక అన్నట్టు మొహం పెట్టి తాగాలి. అడగ్గానే చెయ్యి చాపిన పిల్లను గురించి అమ్మలక్కలు నెల రోజులు చెప్పుకుంటారు. ఈ మహాతల్లి ఆ మర్యాదను ఇంటర్వ్యూకి కూడా మోసుకెళ్ళింది. ఆయన మళ్ళీ అడుగుతారని కాచుకుని కూర్చుంది. ఉమారాణి మేడమ్ ఉండి ఉంటే అక్కడికక్కడే దీని నెత్తిన ఒకటి మొట్టి ఒప్పించేవారు. ఆవిడేమో క్లాసులో ఉన్నారు. ఆవిడ వచ్చేసరికి ఆయన లేరు, ఫోన్ చేస్తే ఎత్తలేదు.

సాయంత్రం హిందూపురం స్టేషన్‌లో నేను తిట్టని తిట్టు లేదు. కూతురింటికని వచ్చిన సబీనా వాళ్ళ జేజి జైనాబీ కూడా మాతోనే తిరిగి వస్తోంది. నా కేకలకు ఆమె హడలిపోయింది.

"ఏంటికే యామినీ, పిల్లను అట్ల సంపుతాండావు?" అంది.

"నీ మనవరాలు చేతికొచ్చిన సీటు కాలదన్నుకున్యాది జేజీ! మర్యాదంట మర్యాద!"

సబీనా కళ్ళనిండా నీళ్ళు పెట్టుకుని రైలెక్కింది.  అయినా నేను తిట్టడం ఆపలేదు.

రైలు కదలబోతుండగా మా ఎదుటి సీట్లోకి వచ్చి కూర్చున్నదెవరు? గోవిందరాజులు సారే! నాకు నోట మాట రాలేదు. నాకే రాలేదంటే చూడండి.

ఆయనే పలకరించారు. "మీరూ ఈ రైలేనా? నేను పెనుకొండలో దిగుతాను. రేపు అక్కడి కాలేజీలో ఇంటర్వ్యూలు. మీ సీటు మిగిలింది కదా, అక్కడే ఇద్దరిని తీసుకుంటాను."

నేను సబీనాను మోచేత్తో పొడిచాను. అది కిటికీ వైపు తిరిగింది. ఇంకాస్త గట్టిగా పొడిచాను. చెయ్యి రుద్దుకుంది తప్ప నోరు విప్పలేదు.

మలుగూరు దాటాక జేజి సంచిలోంచి డబ్బా తీసింది. చెనిక్కాయ ఉండలు, అదే వేరుశనగ ఉండలు. మాకు తలా ఒకటి పెట్టి, ఎదుటి మనిషికి పెట్టకుండా ఎట్లా తింటుంది? "తీసుకో నాయనా" అంది.

"వద్దండీ, ఇప్పుడే తిన్నాను" అన్నారు సార్.

"సిన్నదే, తీసుకో."

"అయ్యో, నిజంగా వద్దండీ."

జేజి ఆయన చెయ్యి పట్టుకుని అరచేతిలో ఉండ పెట్టేసింది. ఆయన నవ్వి కొరికారు. ఇంక నేను ఆగలేకపోయాను.

"సార్, మీరు వద్దన్యారు కదా, మళ్ళ ఏంటికి తింటాండారు?"

"పెద్దావిడ అంత ప్రేమగా పెడితే..."

"అదే సార్! మా సబీనా కూడా పొద్దున అట్లనే వద్దన్యాది! మీరింకొక్కసారి అడిగింటే వస్తాననేది! మా జేజికి ఉన్నంత ఓపిక మీకు లేకపాయ!"

పెట్టెలో సగం మంది మా వైపు తిరిగి చూశారు. సార్ నమలడం ఆపి సబీనా వైపు చూశారు. సబీనా మొహం కందగడ్డ అయిపోయింది. ఆయన నవ్వుతారనుకున్నాను. మళ్ళీ అడుగుతారనుకున్నాను. ఆయన నవ్వలేదు.

"నాకు అర్థమైందమ్మా. కానీ నేను మళ్ళీ అడగను" అన్నారు మెల్లగా. "కోపంతో కాదు. మా ల్యాబ్‌లో అందరికీ చేతినిండా పనే. ఈ మిషన్ నాకు నేర్పండి అని, అర్థం కాలేదు మళ్ళీ చెప్పండి అని పిల్లలే వచ్చి అడగాలి. అడగలేని పిల్ల అక్కడ మూల నిలబడి నలిగిపోతుంది. అలాంటివాళ్ళను చూశాను."

"అది అడుగుతాది సార్, నేను చెప్తా..." అని అందుకోబోయాను.

"నువ్వు కాదు" అన్నారాయన.

చాకర్లపల్లి వచ్చింది, పోయింది.  జేజి డబ్బా మూత పెట్టి ఒళ్ళో పెట్టుకుంది. "తప్పు నాది నాయనా" అంది. "ఎవురేమి పెట్టినా సెయ్యి సాపద్దని దీన్ని సిన్నప్పుడు గిల్లి గిల్లి నేర్పిస్తి. సదువుకాడ గూడా అట్లనే ఉంటాదని నాకేం తెలుసు? సబీనా, నీకు పోవల్లనుంటే అడుగమ్మా. ఈ ఒక్కదానికి నేనేమీ అనను."

సబీనా పెదాలు కదిలాయి. మాట బయటికి రాలేదు. పెనుకొండ వచ్చేసింది. సార్ బ్యాగు తగిలించుకుని, జేజికి దండం పెట్టి దిగిపోయారు. నాకు ఏడుపొచ్చింది, కోపంతో.

అప్పుడు లేచింది సబీనా. మనుషుల్ని తోసుకుంటూ తలుపు దాకా పోయి ప్లాట్‌ఫామ్ మీదికి దూకేసింది. నేనూ వెనకాలే పరిగెత్తి తలుపు దగ్గర నిలబడ్డాను.

"సార్! సార్!"

ఆయన ఆగారు.

"ఆ సీటు నాకు కావల్ల సార్" అంది. రొప్పుతోంది. ఆయన ఏమీ అనకపోయేసరికి ఇంకా గట్టిగా, టీ అమ్మేవాడు కూడా తిరిగి చూసేలా, "నాకే కావల్ల! ఇంకెవరికీ ఇయ్యద్దండి! నేను వస్తా, మీరు విసుక్కున్యా అడుగుతానే ఉంటా!" అంది.

"జనవరి మొదటివారంలో వచ్చి చేరు" అన్నారాయన. ఆ ముసిముసి నవ్వు నాకు అంత దూరం నుంచీ కనిపించింది. రైలు కూత వేసింది. సబీనా పరిగెత్తుకుంటూ రాగానే చెయ్యి పట్టి దాన్ని లోపలికి లాగేశాను.

జేజి దాన్ని దగ్గరికి తీసుకుని తల నిమిరింది. ముస్తఫా మామకు ఫోన్ చేసి తనే చెప్పింది. అవతల నుంచి మామ, "నా బిడ్డ అడిగిందా? నోరు తెరిచి అడిగిందా?" అని మళ్ళీ మళ్ళీ అంటుండటం మాకందరికీ వినపడింది.

ఆ తర్వాత ధర్మవరం దాకా సబీనా నోరు మూయలేదు. హాస్టల్ ఎలా ఉంటుందో, ఏయే మిషన్లు ఉంటాయో, నాయనకు ఏమేం నేర్చుకొచ్చి చెప్పాలో, ఒకటే మాటలు. దాన్ని అంత సంతోషంగా నేనెప్పుడూ చూడలేదు. పొద్దున్నుంచీ దానికోసం కొట్లాడిన నాకు అప్పుడు తట్టింది, జనవరి నుంచి ఈ సీట్లో నేనొక్కదాన్నే కూర్చోవాలని. పోవద్దే, ఈడనే ఉండు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది సబీనా. అడిగితే ఆగిపోతుంది, నేను ఇంకోసారి అడగాల్సిన పని కూడా ఉండదు. అందుకే నేను, ఈ యామిని, ఇల్లు చేరేదాకా నోరు మూసుకుని కూర్చున్నాను.