కదలని నీటిమట్టం

జూలై ఎండలకు బోజ్‌సూ ఏరు పొంగాలి. పైన మంచు కరిగేకొద్దీ బూడిదరంగు నీళ్ళు బండరాళ్ళను దొర్లించుకుంటూ లోయలోకి దూకాలి. ఆ ఏడు మాత్రం ఏరు సన్నబడిపోయింది. ఆ సంగతి సాయ్‌కల్‌కు మొదట చెప్పినవాడు, మందలతో కొండమీది మేతకు వెళ్ళిన ఇషెనాలీ.

ఆయన ఫోను ఒక్క గుట్టమీద తప్ప ఎక్కడా పలకదు. ఆ గుట్టెక్కి, రొప్పుతూ మాట్లాడాడు.

“ఏమ్మా సాయ్‌కల్, మా ఏటిని మీ ఆఫీసువాళ్ళు గానీ ఎత్తుకుపోయారా?”

“ఏమైంది అతా?” అంది, తండ్రిని పిలిచే పిలుపుతో.

“ఏమవడానికైనా నీళ్ళుండాలిగా! నిన్న మా ముసల్ది మడమ తడవకుండా దాటేసింది. పెళ్ళయిన ఏడాది నుంచీ వస్తున్నానిక్కడికి, ఇలా ఎప్పుడూ చూళ్ళేదు. ఆ కారే నీళ్ళు కూడా పాలు పోసిన టీలా ఉన్నాయి.”

సాయ్‌కల్ జిల్లా విపత్తుల కార్యాలయంలో ఇంజనీరు. లోయకు పైన, మంచుగడ్డలూ రాళ్ళూ కలిసి కట్టిన గట్టు వెనక బోజ్‌కోల్ అనే సరస్సు ఉంది. ఏరు పుట్టేది అక్కడే. ఒడ్డున పెట్టిన పరికరం గంటగంటకూ నీటిమట్టం కొలిచి రాజధానిలోని సర్వర్‌కు పంపుతుంది. ఆఫీసు కంప్యూటరులో ఒక చిన్న ప్రోగ్రాము ఆ సర్వర్‌ను అడిగి అంకె తెస్తుంది. అంకె ప్రమాద గీత దాటితే లోయలోని ఊళ్ళో సైరన్ మోగాలి. ఆమెకు ముందు ఆ కుర్చీలో పనిచేసిన జెంగిష్ రాసిన ప్రోగ్రాము అది.

ఆమె తలెత్తి గోడమీది తెర చూసింది. పదకొండు మీటర్ల నలభై. నిన్నా అంతే. మొన్న మీటింగులో కూడా అంతేనని గుర్తొచ్చింది.

పై అధికారి మెదెర్బెక్ కిటికీ దగ్గర కురుత్, అంటే ఎండబెట్టిన పెరుగు ఉండలు, కొరుకుతూ ఫైళ్ళ మీద సంతకాలు చేస్తున్నాడు. మంచివాడే. కానీ పింఛను దగ్గరపడ్డ మనిషి, ఏ గొడవా రాకుండా రోజులు గడిస్తే చాలనుకునేవాడు.

“బైకె, ఈ అంకె ఎప్పట్నుంచి ఇలాగే ఉంది?” అని అడిగింది, పెద్దన్నను పిలిచే పిలుపుతో.

“బుద్ధిగా ఉంది, ఉండనీ. కదిలితే భయపడతావు, కదలకపోయినా భయపడతావు. నీతో ఎలా వేగడం అమ్మాయ్?”

“సరస్సు కదా బైకె. ఎండకు పెరగాలి, చలికి తగ్గాలి. గోడకు కొట్టిన మేకులా ఉంటే ఎలా?”

ఆయన నవ్వాడు గానీ, కురుత్ నోట్లో పెట్టుకోకుండా అలాగే పట్టుకున్నాడు.

సాయ్‌కల్ జెంగిష్ ప్రోగ్రాము తెరిచింది. సర్వర్ల నుంచి డేటా తెచ్చే కర్ల్ అనే పనిముట్టును అతను వాడుకున్నాడు. అదే ఆదేశాన్ని ఆమె తన చేత్తో కొట్టింది. తెరంతా పిచ్చి గుర్తులు పరుచుకున్నాయి. ప్రశ్నార్థకాలు, నల్లగళ్ళు, ఏ భాషకూ చెందని అక్షరాలు. కంప్యూటరు కీచుమని రెండుసార్లు కూసింది.

మెదెర్బెక్ లేచి వచ్చాడు. “ఇదేంటి, సైతాను సంతకమా?”

“సర్వర్ పంపిన జవాబు.”

“అయితే పైన యంత్రం పాడైపోయినట్టే. గుర్రమిచ్చి మెకానిక్కును పంపిద్దాం. వచ్చే వారం.”

ఆమెకూ మొదట అదే తోచింది. కానీ ప్రోగ్రాములో ఇంకాస్త కిందికి వెళ్ళేసరికి సంగతి బయటపడింది. కొండమీద లైను తరచూ తెగిపోతుంది కాబట్టి, జవాబులో అంకె దొరక్కపోతే పాత అంకెనే ఉంచమని రాశాడు జెంగిష్. ఊరికే సైరన్ మోగకూడదని అతని ఉద్దేశం. అంటే ఇన్నాళ్ళూ తెరమీద ఉన్నది సరస్సు కాదు. ఎప్పుడో చదివిన చివరి అంకె.

వచ్చిన చెత్తను ఫైల్లో దాచి మళ్ళీ అడిగింది. మళ్ళీ దాచింది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. లోపల ఎంత గజిబిజిగా ఉన్నా మొదటి గుర్తులు రెండింట్లోనూ ఒకటే. తెగిన లైను నుంచి వచ్చే చెత్తకు అంత క్రమం ఉండదు. ఆ మొదలు ఆమె చదువుకునే రోజుల్లో చూసిందే. కుదించిన ఫైలు అలా మొదలవుతుంది.

“బైకె, యంత్రం పాడవలేదు. ఇది మూట. మనం విప్పుకోలేదంతే.”

“తెలిసేలా చెప్పు.”

“కుదించి పంపినా తీసుకుంటానని సర్వర్‌కు చెప్పే మాట ఒకటుంది. జెంగిష్ దాన్ని చేత్తో రాసి పెట్టాడు. అలా రాస్తే కర్ల్ మూట ముట్టుకోదు, అడిగినవాడే విప్పుకుంటాడులే అని ఉన్నదున్నట్టు ఇచ్చేస్తుంది. పాత సర్వర్ ఆ మాట పట్టించుకోకుండా మామూలుగానే పంపేది. జూన్‌లో కొత్తది పెట్టారు చూడండి, అది చెప్పినట్టే కుదించి పంపుతోంది.”

“మరి విప్పడానికి?”

“అదే మాట కర్ల్‌తోనే చెప్పించాలి. అప్పుడు అడిగేదీ అదే, విప్పేదీ అదే.”

జెంగిష్ రాసిన వరుస కొట్టేసి, ఆ ఒక్క మాట చేర్చి మీట నొక్కింది. ఈసారి అంకెలు బారులు తీరి వచ్చాయి, నెలరోజులవి. పదకొండు నలభై నుంచి పన్నెండు. పన్నెండు నుంచి పద్నాలుగు. సైరన్ గీత ఎక్కడో వెనక ఉండిపోయింది. పదహారు దాటాక, ఆ ఉదయం నుంచి, గంటగంటకూ తగ్గడం మొదలైంది.

మెదెర్బెక్ ఊపిరి వదిలాడు. “తగ్గుతోందిగా! మంచిదేగా?”

“తగ్గిన నీళ్ళు ఏట్లోకి రాలేదు బైకె.”

ఆ మాట అర్థమవడానికి ఆయనకు ఒక క్షణం పట్టింది. దారి మూసుకుపోయి సరస్సు పెరిగింది, ఏరు ఎండింది. ఇప్పుడు ఆ నీళ్ళు గట్టు కడుపులోకి దూరుతున్నాయి. ఎక్కడో చీకట్లో మంచును తొలుచుకుంటున్నాయి.

ఆయన చేతిలోని కురుత్ బల్లమీద పడేశాడు. గోడ దగ్గరికి వెళ్ళి తన చేత్తోనే సైరన్ మీట దించి, జీపు తాళాలు తీసుకున్నాడు.

ఇషెనాలీ ఫోను పలకలేదు. జీపు పైకి ఎక్కుతుంటే ఏరు పక్కనే కనబడుతోంది. అడుగున బండలు తెల్లగా ఆరిపోయాయి. మడుగుల్లో చేపలు కొట్టుకుంటున్నాయి. ఒకచోట ఇద్దరు ఆడవాళ్ళు ఏటి మధ్యలో నమ్దాలు, ఉన్ని తివాచీలు, పరిచి ఆరబెడుతున్నారు.

“వదిలెయ్యండి! పైకెళ్ళండి!” అని సాయ్‌కల్ కిటికీలోంచి అరిచింది.

“ఎందుకూ? నీళ్ళే లేవుగా!” అని ఒకామె నవ్వింది. మెదెర్బెక్ జీపు ఆపి దిగి, ఆమె చెయ్యి పట్టుకుని గట్టెక్కించాడు. తిట్లు తింటూనే రెండో ఆమెనూ లాక్కొచ్చాడు.

మేత దగ్గరికి వచ్చేసరికి గాలి ఆగిపోయింది. కుక్కలన్నీ ఒకే వైపు, లోయ పై భాగానికి మొహం పెట్టి నిలబడి ఉన్నాయి. ఒక్కటీ మొరగడం లేదు. ఉన్ని గుడారాలు ఏటి ఒడ్డునే. ఇషెనాలీ సాయ్‌కల్ మొహం చూడగానే గుడారం వైపు తిరిగాడు. “ముసల్దానా, పొయ్యి వదిలెయ్! నడు!” అన్నాడు. అందరూ వాలు ఎక్కడం మొదలెట్టారు.

ఇషెనాలీ అల్లుడు కుబాత్ మాత్రం వెనక్కి పరుగెత్తాడు. తల్లిగుర్రాల పాలు పితకడానికి గుర్రప్పిల్లల్ని ఏటి పక్కన తాడుకు వరసగా కట్టేశారు. వాటి తల్లులు చుట్టూ తిరుగుతూ సకిలిస్తున్నాయి.

“వాటిని వదిలెయ్యరా!” అని ఇషెనాలీ కేకేశాడు.

“ఒక్క నిమిషం మామా! కట్టేసింది మనమేగా!”

కత్తితో ఒక్కొక్క ముడీ కోసుకుంటూ పోయాడు. ముడి తెగిన పిల్ల తల్లి వెంట వాలు మీదికి దూకేది. అప్పుడు పైనుంచి శబ్దం వచ్చింది. ఉరుములా లేదు. కొండ పళ్ళు కొరికినట్టుంది. వంపు తిరిగి వచ్చింది నీళ్ళు కాదు, నల్లటి బురద గోడ. అందులో రాళ్ళు, మంచుముక్కలు, వేళ్ళతో సహా చెట్లు. కుబాత్ ఆఖరి పిల్ల దగ్గర వంగి ఉన్నాడు. తలెత్తి చూశాడు. మళ్ళీ వంగి ముడి కోశాడు. ఆ పిల్ల బయటపడింది.

అతని భార్య అరుపు సాయ్‌కల్‌కు వినబడలేదు. నోరు తెరవడం మాత్రమే కనబడింది. మిగతాదంతా ఆ శబ్దమే మింగేసింది.

కింద ఊరు బతికింది. సైరన్ విని జనం మిట్టకెక్కారు. వంతెన, మిల్లు, ఒడ్డున ఉన్న ఇళ్ళు పోయాయి. కుబాత్ శరీరం బురద ఆరాక దొరికింది. ఖననం రోజు ఇషెనాలీ సాయ్‌కల్ భుజం మీద చెయ్యివేశాడు. “నువ్వొచ్చావు తల్లీ,” అన్నాడంతే. ఆ మాట ఆమెకు ఓదార్పుగా వినబడలేదు. ఏరు ఎండిందని ఆయన చెప్పిన క్షణమే, తెర చూడకముందే బయల్దేరి ఉంటే?

మర్నాడు ఆఫీసుకు వెళ్ళి రాజధానిలో ఉన్న జెంగిష్‌కు ఫోన్ చేసింది. తిడదామనుకుంది. కానీ జరిగింది మాత్రమే చెప్పింది.

“ఎజే,” అని అక్కను పిలిచినట్టు పిలిచాడు జెంగిష్. “ఆ ప్రోగ్రాము బాగుందని పక్క జిల్లాలవాళ్ళు అడిగితే ఇచ్చాను. సరస్సులున్న వాళ్ళందరికీ.”

ఆమె ఫోను పెట్టేసి, కొండకు అవతలి జిల్లా నంబరు కలిపింది. ఎవరో కుర్రాడు హుషారుగా ఫోనెత్తాడు. మీ నష్టం గురించి విన్నాం, అయ్యో పాపం అన్నాడు.

“మీ సరస్సు ఎలా ఉంది?”

“మాది బంగారం ఎజే! జూన్ నుంచి ఒక్క సెంటీమీటరు కదల్లేదు.”

సాయ్‌కల్ కుర్చీలోంచి లేచి నిలబడింది.

“తమ్ముడూ, కిటికీలోంచి చూడు. మీ ఏట్లో నీళ్ళున్నాయా?”

కుర్చీ జరిపిన చప్పుడు, అడుగుల చప్పుడు వినిపించాయి. ఆమె జవాబు కోసం ఆగలేదు.

“ముందు సైరన్ మోగించు,” అంది. “మిగతాది తర్వాత చెప్తాను.”