దారం ఊడిన కాగితం

చరిత్ర మాస్టారికి పరీక్షలతో పేచీ లేదు. వాటి తర్వాత వచ్చే వారమంటేనే ఒళ్ళుమంట. ఫలితాలు అంటించిన మర్నాటి నుంచి ఆయన గది ముందు పిల్లలు బారులు తీరేవాళ్ళు. తనకు అర మార్కు తగ్గిందని ఒకడు, పక్కదానికి వేసి తనకు వేయలేదని ఒకతె. ఏ యుద్ధం ఎప్పుడు జరిగిందో చెప్పలేరు గానీ, మార్కుల కోసం యుద్ధమంటే మాత్రం నడుం కట్టుకుని వస్తారు. అందరిలోకీ ఘనుడు ఒకడున్నాడు. వాడికి తోటివాళ్ళే 'అరమార్కు' అని పేరు పెట్టారు.

ఈసారి మాస్టారు విసిగిపోయి తలుపు మీద ఒక కాగితం అంటించారు. మళ్ళీ దిద్దమని అడిగేవాళ్ళు, మార్కులు తగ్గినా ఒప్పుకుంటామని ముందే సంతకం పెట్టాలి. దాంతో గుమ్మం దగ్గర ఒక్క పురుగు కనబడితే ఒట్టు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి ఆయన ఆ వారం టీ వేడిగా తాగారు. ఈ ఉపాయం ఇన్నాళ్ళూ ఎందుకు తట్టలేదా అనుకున్నారు.

నెల తిరిగాక అరమార్కు రానే వచ్చాడు. బహుమతికి సరిగ్గా అర మార్కు తక్కువైందట. అడక్కుండానే సంతకం పెట్టేశాడు. వాడి రోగం కుదర్చాలని మాస్టారు బీరువాలోంచి జవాబు పేపర్ల కట్ట దించి, వాడి జవాబులు మొదటి నుంచీ చదవడం మొదలుపెట్టారు. చివర దారంతో కట్టిన అదనపు కాగితం దగ్గర ఆగిపోయారు. వాడివి గుండ్రటి అక్షరాలు. ఇక్కడివి ఎడమకు ఒరిగి ఉన్నాయి.

"ఇది నీదేనా?"

"కాదు సార్. ఆ ప్రశ్న నేను రాయనేలేదు."

అప్పుడు గుర్తొచ్చింది ఆయనకు. దిద్దేటప్పుడు ఒక కాగితం ఊడి బల్ల మీద పడింది. నంబరు లేదు. చేతిలో ఉన్న పేపరుదే అయి ఉంటుందని తనే దారం కట్టి, నాలుగు మార్కులు వేశారు. చేతివ్రాత చూడలేదు. టీ చల్లారిపోతోందన్న తొందర.

ఆ ఎడమవాటు రాత వెనక బెంచీ పిల్లది. ఏడాదంతా నోరు విప్పి ఒక్క మాట అడిగిన పాపాన పోలేదు. మూడు మార్కుల తేడాతో ఫెయిలైంది. నర్సు కోర్సులో ఆమెకు వచ్చిన సీటు ఆ మూడు మార్కుల కోసమే ఆగింది. మాస్టారు పరుగున హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళారు. మార్కులు దిద్దవచ్చు గానీ, చేరే గడువు పది రోజుల కిందటే దాటిందని, ఆ సీటు ఇంకెవరికో ఇచ్చేశారని ఆయన నర్సు కాలేజీవాళ్ళతో మాట్లాడి, ఫోను పెట్టేసి చెప్పారు.

ఆ పిల్ల తన పిన్ని నడిపే లాండ్రీలో ఇస్త్రీ చేస్తోంది. మాస్టారు కౌంటరు దగ్గర నిలబడి జరిగిందంతా చెప్పారు. తప్పు తనదేనన్నారు. అడగడానికి ఎందుకు రాలేదమ్మా అన్నారు. ఆ మాట అడిగినందుకు ఆయనకే సిగ్గేసింది.

"వచ్చాను సార్. తలుపు మీద కాగితం చదివి వెళ్ళిపోయాను. మీరంత గట్టిగా రాశారంటే, తప్పు నాదే అయి ఉంటుందనుకున్నాను. నా అదనపు కాగితం ఇవ్వడమే మర్చిపోయానేమోనని ఇంట్లో కూడా అదే చెప్పాను."

ఇస్త్రీపెట్టె నిలబెట్టి, చొక్కా కాలరు సరిచేసింది.

"దానికి ఎన్ని వేశారు సార్?"

"నాలుగు. ఐదుకి."

"ఆ ఒక్క మార్కు ఎక్కడ పోయింది?"

ఆమె పోట్లాటకు అడగలేదు. తెలుసుకుందామనే అడిగింది. ఇరవై రెండేళ్ళుగా అలా అడిగిన ప్రతివాడి నోరూ మూయించిన మాస్టారు జేబులోంచి ఆమె రాసిన కాగితం తీసి, పై నుంచి కింది దాకా రెండుసార్లు చదివారు. ఎక్కడా తప్పు కనిపించలేదు.