ఇస్త్రీకి పుట్టిల్లు

"ఇస్త్రీ అన్న మాటలనే స్త్రీ ఉన్నది. మరి ఎవలు చేయాలె?" అని అంజన్ ఆ ఆదివారం కూడా నవ్వాడు.

నర్మదకు పెళ్లయి పదకొండేళ్లు. ఆ జోకు వయసూ అంతే. ఆమె నాంపల్లిలో ఒక ఆఫీసులో టైపిస్టు, అతను ఖైరతాబాద్‌లో గుమస్తా. పొద్దున ఇద్దరూ ఒకే వేళకు ఉరుకుతారు. వారానికి సరిపడా అతని చొక్కాలు మాత్రం ఆమే ఇస్త్రీ చేయాలి. తన చీరలను పరుపు కింద మడిచి పెట్టుకుంటుంది. నవ్వు రాకపోయినా నవ్వుతుంది. నవ్వకపోతే "జోక్ గూడ సమజ్ కాదా?" అంటాడు మరి.

మధ్యాహ్నం కూతురి లెక్కల గైడు కోసం ఆబిడ్స్ వెళ్లింది. మూసిన దుకాణాల ముందు ఫుట్‌పాత్ నిండా పాత పుస్తకాలే. గైడు కింద అట్ట ఊడిన తెలుగు నిఘంటువొకటి దొరికింది. ఏ మాట ఎక్కడి నుంచి వచ్చిందో పక్కనే రాసి ఉంది. ఊరికే తిరగేసింది. చావి పోర్చుగీసు వాళ్లదట. అలమారా వాళ్లదే, బొత్తామూ వాళ్లదే! జాబు ఉర్దూ 'జవాబు' నుంచి వచ్చిందట. రోజూ తన చేతికి తగిలే మాటలు ఇన్ని సముద్రాలు దాటి వచ్చాయా అనుకుంటే ఒళ్లు ఝల్లుమంది. బళ్లో కొత్త మాట వింటే రోజంతా దాన్నే పలుకుతూ తిరిగేది తను. ఆ పిల్ల ఎటుపోయిందో అనుకుంటూనే ఇంకో పేజీ తిప్పింది. వేలు 'ఇస్త్రీ' దగ్గర ఆగింది. అదీ పోర్చుగీసే. సాగదీయడమని అర్థం. స్త్రీతో చుట్టరికమే లేదు.

నర్మద రోడ్డు మీదే పకపకా నవ్వింది.

"ఏమైందమ్మా?" పుస్తకాలాయన కంగారుపడ్డాడు.

"పదకొండేండ్ల కేసు గెలిచిన అన్నా!"

నిఘంటువు కొనుక్కుని ఇంటికొచ్చి, టీతోపాటు ఆ పేజీ కూడా తెరిచి అంజన్ ముందు పెట్టింది. అతను రెండుసార్లు చదివాడు.

"మాట ఎవలదైతే ఏంది? చొక్కాలు ఎవలు చేస్తరు మరి?"

"ఎవల చొక్కాలు వాళ్లే. ఇగ నేను నా చీరలు చేసుకుంట."

అంజన్ తల్లి వైపు చూశాడు. పోశవ్వ టీ ఊదుకుంటూ, "నన్నేం జూస్తవ్‌రా? నా కోడలికి మస్తు ఇగురం ఉన్నది" అంది.

అతను గొణుక్కుంటూనే ఇస్త్రీపెట్టె ప్లగ్గులో పెట్టాడు. కాలరు ముడతలు పోలేదు. నర్మద లేవలేదు. నిఘంటువు ఒళ్లో పెట్టుకుని వెతుకుతోంది. ఇగురు ఉంది, ఇగిరిపోవడం ఉంది. ఇగురం లేదు.

"అత్తమ్మా, ఇగురం అంటే?"

పోశవ్వ టీ గ్లాసు కింద పెట్టింది. "ఎప్పుడు ఊకోవాల్నో, ఎప్పుడు అనాల్నో ఎరుకుండుడు."

నర్మద చివరి ఖాళీ పేజీలో ఆ మాట రాసింది. ఎదురుగా ఆ అర్థం రాసింది. ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేచోట రాసింది: పోశవ్వ నోటి నుంచి.