తలుపు వెనక ఏప్రాన్

మీ పిల్లలు బడి నుంచి వచ్చి "ఇవాళ అన్నం బాగుందమ్మా" అంటారు చూడండి, ఆ మాటకి మీరు మురిసిపోతారు, పుస్తకాల సంచీ అందుకుంటారు, అంతటితో మర్చిపోతారు. ఆ అన్నం వండిన చేతులు ఎవరివని అడిగిన తల్లిని గానీ తండ్రిని గానీ నేనింతవరకూ చూడలేదు. తప్పు పట్టడం లేదు, నేనూ ఏనాడూ అడగలేదు. అడగనివాళ్ళందరి తరఫునా ఈ కథ చెబుతున్నాను, కాస్త ఓపిగ్గా వినండి.

ఒక పెద్ద బడి. దాని వెనకవైపు, సైకిళ్ళ షెడ్డు దాటాక, వంటగది. ఇప్పుడక్కడ మెరిసే గచ్చు, పొగ లాగే యంత్రాలు వచ్చాయి గానీ నేను చెప్పేది పాత వంటగది సంగతి. పొద్దున్నే తలుపు తీస్తే నిన్నటి ఉల్లిపాయల వాసన, తడి సిమెంటు వాసన కలిసి ముఖాన కొట్టేవి. కిటికీ అద్దాలకి ఆవిరి పట్టి, అవతలి ఆటస్థలం మసక మసగ్గా కనిపించేది. మధ్యలో రాతి బల్ల. దాని చుట్టూ కూరగాయలు తరిగే ఆడవాళ్ళు, వాళ్ళ కబుర్లు, వాళ్ళ నవ్వులు. ఆ గదిలో పనిచేసి రిటైరైనవాళ్ళు ఇప్పటికీ ఎక్కడైనా ఎదురుపడితే ముందు ఆ రాతి బల్ల ఉందా తీసేశారా అనే అడుగుతారు.

వంటపెద్దని అందరూ పెద్దక్క అనేవారు. ఆవిడకన్నా వయసులో పెద్దవాళ్ళూ పెద్దక్కే అనేవారు, ఆఖరికి హెడ్మాస్టరు కూడా. గిన్నెలు కడిగే ఆవిడ పేరు రేడియో. నోరు మూస్తే ఊపిరాడదేమో అన్నట్టు మాట్లాడేది కాబట్టి ఆ పేరు ఖాయమైపోయింది. అక్కడున్న అన్నిటికన్నా పెద్ద గిన్నెకీ ఒక పేరుండేది, ఏనుగు. "ఏనుగుని దింపండమ్మా" అంటే ఇద్దరు మనుషులు చెరో చెవీ పట్టుకుని దింపాలి.

ఇక తలుపు వెనక, మేకుకి, ఒక ఏప్రాన్ వేలాడుతూ ఉండేది. రోజూ కట్టుకునేవి అందరికీ ఉన్నాయి, అవి వేరు. ఇది రెండు ఏప్రాన్‌లు విప్పి ఒకటిగా కలిపి కుట్టింది. తెల్లది. భుజాల నుంచి మోకాళ్ళ కిందిదాకా వదులుగా జారేది. కడుపుతో ఉన్నవాళ్ళు మాత్రమే దాన్ని వేసుకునేవారు.

దాని వెనక ఒక కథ ఉంది. ఎప్పుడో చాలాకాలం కిందట, ఆ వంటగదిలో చక్కగా పనిచేసుకునే ఒకావిడ నెల తప్పింది. అప్పటి సూపర్‌వైజరు ఆవిడ పొట్ట చూసి, "ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోమ్మా, తర్వాత నేనే కబురు చేస్తాను" అన్నాడు. ఎంత తియ్యని మాటో చూడండి! పిల్లాడు పుట్టాడు, పాకాడు, నడిచాడు, అదే బడిలో ఒకటో తరగతిలో చేరాడు. కబురు మాత్రం రాలేదు. అది చూసి, రేపు తమకీ ఇదే గతని మిగిలిన ఆడవాళ్ళకి అర్థమైంది. ఒక మధ్యాహ్నం రాతి బల్ల చుట్టూ కూర్చుని ఆ ఏప్రాన్ కుట్టేశారు.

అప్పటి నుంచి ఎవరు కడుపుతో ఉన్నా అదే వేసుకునేవారు. ఆవిడ ఎత్తాల్సిన బరువులు ఎవరికీ అనుమానం రాకుండా మిగతావాళ్ళు ఎత్తేసేవారు. కాన్పు దగ్గరపడితే ఒంట్లో బాగాలేదని సెలవు. ఆ కొద్ది రోజుల పనీ అందరూ పంచుకునేవారు. పచ్చి బాలింత నడుముకి గుడ్డ బిగించి కట్టుకుని మళ్ళీ పొయ్యి ముందుకి వచ్చేసేది. బిడ్డ పుట్టాక ఏప్రాన్ అంచున రంగుదారంతో ఒక చిన్న పువ్వు కుట్టడం వాళ్ళు పెట్టుకున్న ఆనవాయితీ. నీలం పువ్వు, పసుపు పువ్వు, ఆకుపచ్చ పువ్వు. ఏ పువ్వు ఎవరి బిడ్డదో పెద్దక్క కళ్ళు మూసుకుని చెప్పేది.

"ఈ పసుపుది నా కూతురు," అనేది రేడియో. "ఏడో నెలలో సూపర్‌వైజరు నన్ను ఎగాదిగా చూసి, ఏంటమ్మా ఇంత లావయ్యావు అన్నాడు. రుచి చూడమన్నది మీరేగా సార్, మూడు పొయ్యిల మీదవీ నేనే చూస్తున్నా అన్నాను. పాపం, నమ్మేశాడు! ఆ నెలంతా రుచి చూసే పని ఇంకొకళ్ళకి ఇచ్చాడు."

అందరూ పడీ పడీ నవ్వేవారు. ఎన్నిసార్లు చెప్పినా అదే నవ్వు. ఒకరి కడుపుని అందరూ కలిసి కంటికి రెప్పలా కాచిన రోజులవి. తలుచుకుంటే నాకే మనసు కరిగిపోతుంది.

పెద్దక్క కొడుక్కి పెళ్ళయిన ఏడాదే కోడలికి కూడా అదే వంటగదిలో ఉద్యోగం వచ్చింది. ఊళ్ళోని బడులన్నిటికీ కలిపి ఒకటే విద్యాశాఖ ఆఫీసు. టీచరు గానీ, బస్సు డ్రైవరు గానీ, వంటమనిషి గానీ, కొత్తగా చేరినవాళ్ళందర్నీ మొదటి రోజు హాల్లో కూర్చోబెట్టి ఆఫీసు మేడం పూటంతా మాట్లాడేది.

"అదంతా ఒట్టి సోదే అమ్మాయ్," అంది పెద్దక్క ముందురోజే. "సంతకం పెట్టేసి వచ్చెయ్. ఇక్కడ బంగాళాదుంపలు గుట్ట పడున్నాయి. నీకు తెలియాల్సిందేదో మేం చెప్తాంగా."

అత్తగారి మాట జవదాటే పిల్ల కాదు. సంతకం పెట్టి లేచింది.

"ఏమ్మా, అసలు సంగతి ఇంకా మొదలే పెట్టలేదు, అప్పుడే లేచావేం?" అంది మేడం.

"మా అత్తయ్య రమ్మందండీ."

హాలంతా గొల్లుమంది. మేడం కూడా నవ్వేసి ఊరుకుంది. ఆ పిల్ల సిగ్గుతో ఎర్రబడి, పరుగున వచ్చి, రాతి బల్ల దగ్గర కూర్చుని కత్తి పట్టుకుంది. నిజంగానే పెద్దక్క అన్నీ చెప్పింది. ఏ పొయ్యి మంట ఎగుస్తుందో, ఏ టీచరుకి ఉప్పు తక్కువుండాలో, ఏ మూల గచ్చు జారుతుందో చెప్పింది. ఆవిడకి తెలిసిందంతా చెప్పింది. తెలియనిది ఎలా చెబుతుంది పాపం!

కొన్ని నెలలు గడిచాక కోడలు నెల తప్పింది. పెద్దక్క ఆనందానికి పట్టపగ్గాల్లేవు. ఆ మధ్యాహ్నం పని అయ్యాక మేకు మీంచి ఏప్రాన్ దింపి, దులిపి, తన చేతులతో కోడలికి తొడిగి, వెనక ముడి వేసింది. రేడియో కూనిరాగం తీసింది. కోడలు అంచు పట్టుకుని ఒక్కో పువ్వునీ తడుముతూ ఇదెవరిది, అదెవరిది అని అడుగుతూ ఒకచోట ఆగింది. అక్కడ తెల్ల గుడ్డ మీద తెల్లదారంతోనే ఒక పువ్వు ఉంది. కంటికి కనపడదు, వేలికి మాత్రం తగులుతుంది.

"ఇదెవరిది అత్తయ్యా?"

ఎప్పుడూ లేనిది రేడియో నోరు కూడా మూతపడింది.

"ఆ రోజు రంగుదారం అయిపోయిందిలే," అంది పెద్దక్క. అని, కడిగిన గిన్నెనే మళ్ళీ కడగడం మొదలుపెట్టింది.

ఇప్పటి సూపర్‌వైజరు కొత్తగా వచ్చినవాడు, మెత్తని మనిషి. ఎవరినీ పల్లెత్తు మాట అనేవాడు కాదు. ఒకరోజు పెద్దక్క సరుకుల బండి కోసం గేటు దగ్గరికెళ్ళింది. మిగిలినవాళ్ళు వడ్డనకి కంచాలు పేర్చడానికి బయటికెళ్ళారు, రేడియో చేతులు మోచేతుల దాకా సబ్బు నురగలో ఉన్నాయి. పొయ్యి మీద ఏనుగు పొంగుతోంది. సూపర్‌వైజరు తానే చొక్కా చేతులు మడిచి ఒక చెవి పట్టుకున్నాడు.

"అమ్మాయ్, ఆ రెండో చెవి పట్టుకో, దింపేద్దాం."

పట్టుకోలేనని చెప్పాలంటే కారణం చెప్పాలి. కారణం చెబితే, "ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకో" అంటాడేమో! పెళ్ళి నాడు చేసిన అప్పుల్లేవు, ఆకలి బాధల్లేవు, కానీ ఆ ఉద్యోగమంటే ఆ పిల్లకి ప్రాణం. తన కాళ్ళ మీద తాను నిలబడ్డ మొదటి చోటు అది. పళ్ళు బిగించి రెండో చెవి పట్టుకుని ఎత్తింది.

గుమ్మంలోకి వచ్చిన పెద్దక్క కళ్ళబడింది అదే. ఏనుగు గచ్చు మీదికి దిగింది. దానితోపాటే కోడలు పొత్తికడుపు పట్టుకుని కిందికి జారింది.

"అయ్యో, అది కడుపుతో ఉందయ్యా!"

అన్నేళ్ళుగా ఎంతమంది కడుపుల్నో గుట్టుగా దాచిన మనిషి, ఆ రోజు ఆటస్థలం దాకా వినపడేలా అరిచింది. సూపర్‌వైజరు ముఖం పాలిపోయింది. "నాకెందుకు చెప్పలేదమ్మా? చెబితే ముట్టుకోనిచ్చేవాణ్ణా?" అంటూనే బడి వ్యాను తెప్పించాడు. ఆ ఏప్రాన్ దాచింది ఎవరి దగ్గర నుంచో చూడండి! చెబితే సాయం చేసే మనిషికే చెప్పకుండా దాచింది.

ఆసుపత్రి వరండాలో పెద్దక్క గోడకి చేరబడి కూర్చుంది. ఎవరు మంచినీళ్ళిచ్చినా పుచ్చుకోలేదు. చాలాసేపటికి డాక్టరమ్మ బయటికొచ్చి, బిడ్డకి ప్రమాదం తప్పిందనీ, కొన్నాళ్ళు మంచం దిగకూడదనీ, కాన్పయ్యేదాకా బరువు అన్నమాటే వద్దనీ చెప్పి వెళ్ళింది. పెద్దక్క రెండు చేతులూ జోడించి అలాగే ఉండిపోయింది. అంతలో కబురు తెలిసి ఆఫీసు మేడం వచ్చింది. ఆవిణ్ణి చూడగానే పెద్దక్క దిగ్గున లేచింది.

"అమ్మా, దాని ఉద్యోగం తియ్యకండి. దాచమన్నది నేనే. కావాలంటే నన్ను తీసెయ్యండి."

"ఎవరు తీస్తారమ్మా? కూర్చోండి ముందు," అంది మేడం. ఆవిడా పక్కనే కూర్చుంది. "కడుపుతో ఉందని ఉద్యోగం తీస్తే తీసినవాడిదే నేరం. బరువు లేని పని ఇవ్వాలి. కాన్పుకి జీతంతో సెలవు ఇవ్వాలి. తిరిగొచ్చాక అదే ఉద్యోగంలో ఉంచాలి. పనిలో దెబ్బ తగిలితే వైద్యం మేమే చేయించాలి. ఎవరైనా వేధిస్తే ఎవరికి చెప్పాలో, చెప్పినందుకు కక్ష కడితే ఏం చెయ్యాలో, అన్నీ చట్టంలో ఉన్నాయి. మొదటి రోజు హాల్లో మేం చెప్పేది ఇదేనమ్మా. ఆ పిల్ల ఇది వినకుండానే లేచి వెళ్ళిపోయింది."

"నేనే రమ్మన్నాను," అంది పెద్దక్క. మెల్లగా అడిగింది. "ఈ చట్టం ఎప్పుడొచ్చిందమ్మా? ఈ మధ్యేనా?"

"ఈ మధ్య ఏమిటి, చాలా ఏళ్ళయింది."

"బడికి మేడ కట్టారు చూడండి... ఆ ఏడాదికి ఉందా?"

"మేడ కట్టకముందే వచ్చిందమ్మా. ఏం?"

కోడలి ఒంటి మీంచి నర్సు విప్పి ఇచ్చిన ఏప్రాన్ పెద్దక్క చేతిలోనే ఉంది. నలిగిపోయిన దాని అంచు వెతికి, ఆ తెల్ల పువ్వు మీద బొటనవేలు పెట్టింది.

"మేడ కట్టిన ఏడాది నాకు రెండోది," అంది. "ఐదో నెల. ఇద్దరు సెలవులో ఉన్నారు. ఏనుగుని ఒక్కదాన్నే జరిపాను. ఎవరికీ చెప్పుకోకుండా ఇంటికెళ్ళాను, మూడోనాడు పనిలోకి వచ్చేశాను. రంగుదారం అయిపోవడం కాదమ్మా, రంగు వెయ్యడానికి బిడ్డ ఏదీ? నా రాతనుకున్నాను ఇన్నాళ్ళూ. చట్టం ఉందా అప్పటికే!"

ఆవిడ ఏడ్చింది. వరండాలో అంతమంది ఉన్నారని కూడా చూసుకోకుండా వెక్కి వెక్కి ఏడ్చింది. మేడం ఆవిడ భుజం చుట్టూ చెయ్యి వేసి పట్టుకుంది.

కోడలికి పండంటి ఆడపిల్ల పుట్టింది. జీతంతో సెలవు అయ్యాక దర్జాగా వచ్చి పాత చోటే కూర్చుని కత్తి పట్టుకుంది. సూపర్‌వైజరు ఏనుగుని దింపడానికి చక్రాల బండి తెప్పించాడు. "ఏనుక్కి కాళ్ళొచ్చాయి రోయ్!" అని రేడియో వారం రోజులు ఊదరగొట్టింది.

మళ్ళీ కొత్తవాళ్ళు చేరే రోజు వచ్చింది. ఆ పొద్దున బంగాళాదుంపలు తరగడానికి పెద్దక్క లేదు. చంకలో ఏప్రాన్ పెట్టుకుని హాల్లో మొదటి వరసలో కూర్చుంది. మేడం హక్కుల సంగతి మొదలుపెట్టే ముందు, "పెద్దక్క రెండు మాటలు చెబుతారు" అంది. పెద్దక్క లేచి ఏప్రాన్ విప్పి పట్టుకుంది. అంచున పువ్వులన్నీ వరసగా కనిపించాయి. వాటి మధ్య తెల్ల కుట్ల మీదే కొత్తగా ఎర్రదారంతో కుట్టిన ఒక పువ్వు, హాలు చివరి బెంచీ వాళ్ళకి కూడా కనిపించింది.

"ఇది మేం ప్రేమతో కుట్టుకున్నదే," అంది పెద్దక్క. "దీన్ని చూస్తే నాకిప్పటికీ ఆ రోజులే గుర్తొస్తాయి. ఎంత నవ్వుకునేవాళ్ళమో! ఒకళ్ళ కోసం ఒకళ్ళం ప్రాణం పెట్టేవాళ్ళం. కానీ ఒక్కళ్ళమూ వచ్చి, మాకేం రక్షణ ఉందండీ అని అడగలేదు. అడగొచ్చని మాకెవరూ చెప్పలేదు. ఈ ఎర్రపువ్వు నా బిడ్డ. ఆ ఒక్క మాట తెలిసుంటే ఈపాటికి మీ వయసుకొచ్చి ఇక్కడెక్కడో కూర్చునుండేది."

తలుపు దగ్గర ఒక కొత్తమ్మాయి సంచీ భుజాన వేసుకుని అప్పటికే సగం లేచి ఉంది. పెద్దక్క ఆ అమ్మాయి వంకే చూస్తూ అంది:

"కూర్చో తల్లీ, పనెక్కడికీ పోదు. నీకు ఏ హక్కులున్నాయో మొదటి రోజే తెలుసుకో, రేపు నీ పక్కకి వచ్చే కొత్తమనిషికి నువ్వే చెప్పు."